గెడ్డ నీళ్లు అద్దె ఇంట్లోకి వస్తే

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. విశాఖ జ్ఞానాపురంలో గెడ్డ (వాగు) పక్కన కింది వాటాలో ఆరేళ్లుగా అద్దెకుంటున్నాం. మొన్నటి తుపాను వానకు ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చి మూడు రోజులు తియ్యలేదు. పరుపులు, ఫ్రిజ్, బియ్యం, పిల్లల బట్టలు అన్నీ పోయాయి. నష్టం రాసుకునే సర్వేకి వచ్చిన రోజు మేం గాజువాకలో మా అక్క ఇంట్లో ఉన్నాం. తాళం చూసి వెళ్లిపోయారట. సాయం వస్తే తనకే వస్తుందని, మా ఆధార్ పలాస అడ్రసుతో ఉంది కాబట్టి మాకు రాదని ఇంటాయన అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిజం కాదమ్మా. ఇల్లు దెబ్బతిన్నందుకు ఇచ్చే డబ్బు వేరు, సామాను పోయినందుకు ఇచ్చేది వేరు. మొదటిది ఇంటాయనది. రెండోది ఆ ఇంట్లో వండుకుని తింటున్న మీది. రాష్ట్ర విపత్తు సహాయ నిధి ఖర్చుకి కేంద్ర హోంశాఖ 2022-26 కాలానికి పెట్టిన నిబంధనల్లో సామాను సాయం ‘కుటుంబానికి’ అనే ఉంది. ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా పడిపోయినా, రెండు రోజులకు మించి బాగా మునిగి ఉన్నా బట్టలకు 2,500, పాత్రలు, ఇంటి సామానుకు 2,500 రూపాయలు. మీకు ఆ ‘రెండు రోజులు’ అన్న మాటే ప్రాణం. నీళ్లు ఏ తేదీన ఏ పూట వచ్చాయో, ఏ పూట తీశాయో అర్జీలో రాయండి. ఊరికే ‘ఇల్లు మునిగింది’ అని రాస్తే చాలదు.

ఐదు వేలకి మంచి పరుపు కూడా రాదు, నాకు తెలుసు. ఫ్రిజ్‌కని విడిగా ఏమీ లేదు. ఇది తక్షణ సాయమే గానీ నష్టపరిహారం కాదని ఆ నిబంధనలే చెబుతాయి. మునిగిన ఇంటి గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పడమే రెవెన్యూ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని. అయితే రాష్ట్రం దానిమీద కలిపి ఇవ్వొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 ప్రకటించారు. అది ఆ వరద వరకే. మీ వార్డుకి అలాంటి జీవో ఏదైనా వచ్చిందేమో వార్డు సచివాలయంలో అడగండి. ‘కింది వాటా’ అన్న మాట మాత్రం అర్జీలో వదలకండి.

సర్వే జాబితాలో మీ పేరు లేకపోతే సచివాలయంలోనే అర్జీ ఇచ్చి, మళ్లీ వచ్చి ఇల్లు చూడమనండి. నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. అక్కడ కదలకపోతే తహసీల్దారు, ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పలాస అడ్రసుకి భయపడకండి. మీరు ఇక్కడే ఉంటున్నట్టు గ్యాస్ పుస్తకం, పిల్లల స్కూలు రసీదు చూపండి. అద్దె ఫోన్‌పేలో పంపుతుంటే ఇంకా మంచిది, అది ఇంటాయన కూడా కాదనలేరు. మీ బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. విజయవాడలో ఖాతాల ఇబ్బందితో డబ్బు ఆగినవాళ్లున్నారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక నేనూ సర్వేకి తిరిగాను. ఒక ఇంటికి రేకులు ఎగిరిపోయి వానంతా లోపలే పడింది. నేను వెళ్లేసరికి ఆ ఇల్లాలు రేకులు మళ్లీ వేయించి, తడిసిన పరుపులు చెత్త లారీకెత్తించి, ఇల్లంతా కడిగేసుకుంది. రాసుకోవడానికి నాకేమీ కనబడలేదు. పక్కింటివాళ్లను అడగాలన్న ఆలోచన రాలేదు. ఆమె పేరు జాబితాలోకి ఎక్కలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది.

అందుకని చెబుతున్నాను, పాడైన సామాను పారేసే ముందు ఒక్కొక్కటీ ఫొటో తీయండి. పారేసినవి ఉంటే పక్కవాళ్లిద్దరితో కాగితం మీద సంతకాలు పెట్టించండి. గోడ మీద నీటి చార ఉంటుంది, దాని పక్కన పిల్లాణ్ణి నిలబెట్టి ఇంకో ఫొటో తీయండి, ఎత్తు తెలుస్తుంది. ఇంటాయన సున్నం వేయిస్తానంటే, సర్వేవాళ్లు మళ్లీ వచ్చి చూసి వెళ్లేదాకా ఆ గోడ ఒక్కటీ ఆపమనండి.