గ్లకోమా ఆపరేషన్ తర్వాత ప్రెషర్ 4కి పడిపోయింది, చూపు మసక. ఆపరేషన్ పాడైనట్టేనా?

మీ అమ్మగారికి గ్లకోమాకి (కంటి లోపలి ప్రెషర్ వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బుకి) ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్ చేసి పన్నెండు రోజులైందనీ, కంటి ప్రెషర్ 4 దాటట్లేదనీ, ఆపరేషన్‌కి ముందున్న చూపు కూడా ఇప్పుడు లేదనీ రాశారు. పాడైందని అప్పుడే అనుకోకండి. నేను డాక్టర్ని కాను, రెండు కళ్ళకీ ఇదే ఆపరేషన్ చేయించుకున్నవాణ్ణి. ఒక కన్ను మీ అమ్మగారి కన్నులాగే చేసింది. రెండోది దానికి పూర్తిగా ఎదురు తిరిగింది.

ఏ ఆపరేషన్ అయినా గాయం త్వరగా మానాలని కోరుకుంటాం. ఇందులో మాత్రం పూర్తిగా మానకూడదు. లోపలి నీరు బయటికి రావడానికి తెల్లగుడ్డులో చిన్న మూతలాంటి దారి చేస్తారు. ఆ నీరు పైరెప్ప చాటున, పై పొర కింద చేరి బుడగలా ఉబ్బుతుంది. దాన్నే బ్లెబ్ అంటారు. మూత వదులైతే ప్రెషర్ పడిపోతుంది, మచ్చకట్టి బిగుసుకుంటే మళ్ళీ లేస్తుంది.

కుడి కంటికి చేసేనాటికి నాకు 34 ఏళ్ళు, మైనస్ 8 అద్దాలు. ఐదో రోజుకి ప్రెషర్ 3. తలుపు చట్రం వంకరగా, పేజీలో వరసలు అలల్లా కనిపించేవి. ప్రెషర్ అంత తగ్గితే కన్ను గాలి దిగిన బంతిలా మెత్తబడి, వెనక ఉండే చూపు పొర, రెటీనా, ముడతలు పడుతుందట. చిన్న వయసువాళ్ళకీ మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ళకీ ఈ ఇబ్బంది ఎక్కువ. ఆ మాట ఆపరేషన్‌కి ముందే చెప్పారు, నా చెవికెక్కింది మాత్రం తర్వాతే! ఆరెంజ్ రంగు చుక్క వేసి నీలి లైటులో చూస్తే బ్లెబ్ అంచు దగ్గర సన్నగా లీక్ కనిపించింది. పెద్ద సైజు మెత్తని కాంటాక్ట్ లెన్స్ పెట్టి, చుక్కలు మార్చి, కొన్నాళ్ళు ఆగారు. ఆరు వారాలకి 9కి వచ్చింది. వంకర పూర్తిగా పోవడానికి ఇంకా నెలలు పట్టింది.

ఎడమ కంటికి నాలుగేళ్ళ తర్వాత చేశారు. ఆ నాలుగేళ్ళూ రోజుకి మూడు రకాల చుక్కలు వేశాను. చుక్కల్లో పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఏళ్ళ తరబడి తగిలితే పై పొర ఎర్రబడి రేగి ఉంటుంది, రేగిన పొర మచ్చకట్టడానికి తయారుగా ఉంటుంది. అదే జరిగింది. మొదటి వారం 10, ఆరో వారం 24. మూతని పట్టి ఉంచే ఒక కుట్టుని లేజర్‌తో తెంచారు, చాలలేదు. తర్వాత సూదితో మచ్చ విడదీసి మందు ఎక్కించారు. ఇప్పుడు ఒక్క చుక్కమందుతో 13లో ఉంది. ఇంతకుముందు కంటికి ఆపరేషన్ అయినా, లోపల వాపు ఉన్నా ఇలా బిగుసుకుపోయే అవకాశం పెరుగుతుంది.

అలా బిగుసుకోకుండా ఆపరేషన్ సమయంలోనే మైటోమైసిన్ అనే మందు పూస్తారు. దానికీ ఒక ఖరీదుంది. బ్లెబ్ పలచగా తెల్లగా అయిపోవచ్చు, ఏళ్ళ తర్వాత కూడా లీక్ కావచ్చు, ఇన్‌ఫెక్షన్ పట్టొచ్చు. మూడో ఏడు ఒక రాత్రి నా కుడి కన్ను ఎర్రబడి పుసి కట్టింది. తెల్లారేదాకా చూద్దామనుకున్నాను, మా ఆవిడ వినలేదు. బ్లెబ్ వరకే ఉంది, లోపలికి దిగలేదన్నారు. రెండు రోజులు గంట గంటకీ యాంటీబయాటిక్ చుక్కలు. లోపలికి దిగి ఉంటే కన్నే దక్కేది కాదేమో. మీ అమ్మగారికి రెప్ప అంచుల్లో పొట్టు, పుసి ఉంటే ఇప్పుడే వైద్యం చేయించండి, కన్ను నలపనివ్వకండి.

పెద్ద వయసు కాబట్టి ఇంకో సంగతి. బీపీ ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, ఆపరేషన్‌కి ముందు ప్రెషర్ బాగా ఎక్కువున్నా, తర్వాత కంటి లోపల వెనకవైపు పొరల్లో రక్తస్రావం జరిగే ప్రమాదం కొంత ఎక్కువ. అరుదే, కానీ దగ్గినప్పుడో ముక్కినప్పుడో ఒక్కసారిగా విపరీతమైన నొప్పి వచ్చి చూపు పడిపోతే ఆ నిమిషమే బయల్దేరాలి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్లే మాట్లాడుకుని చెప్పాలి.

నెలల తర్వాత మెల్లగా మసక పెరిగితే అది శుక్లం కావచ్చు. ఈ ఆపరేషన్ తర్వాత శుక్లం త్వరగా ముదురుతుంది, దాన్ని తీసేయొచ్చు. గ్లకోమా వల్ల ముందే పోయిన చూపు మాత్రం ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. ఈ రెండూ కలగాపులగం అయితే అనవసరంగా డాక్టర్‌తో గొడవ.

ఈసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు మూడు అడగండి: బ్లెబ్ లీక్ అవుతోందా, కంటి ముందు గది (నల్లగుడ్డు మీది పారదర్శక పొర వెనక నీరుండే చోటు) లోతు తగ్గిందా, రెటీనా వెనక పొర కింద నీరు చేరిందా. నీరు చేరితే పక్కల్లో నల్లటి నీడలా కనిపిస్తుంది, ప్రెషర్ పెరిగేకొద్దీ చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. మచ్చకట్టకుండా వేసే స్టెరాయిడ్ చుక్కలు వాళ్ళు చెప్పేదాకా ఆపొద్దు. మా బంధువు ఒకాయన కన్ను తేటగా ఉందని రెండో వారమే మానేశారు, నెల తిరక్కుండానే ప్రెషర్ మొదటికొచ్చింది.