టర్బో మార్చినా నీలిపొగ ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: నా డీజిల్ టర్బో కారు ఇప్పటికి 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. వ్యాపారం పనిమీద గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటికి తరచుగా వెళ్ళివస్తుంటాను. ఘాట్ ఎక్కేటప్పుడు వెనక నీలిపొగ వస్తోంది, ఆయిల్ కూడా తగ్గుతోంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో సీళ్ళు పోయాయని మెకానిక్ చెబితే టర్బో మార్పించి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా కడిగించాను. రెండు వారాలు బాగానే ఉంది, తరువాత పొగ మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఇంజన్ దించి రింగులు మార్చాలంటున్నారు. ఒప్పుకోమంటారా?
— ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. ముందుగా బ్రీదర్‌ను, అంటే ఇంజన్ అడుగున చేరే వాయువు బయటికి పోయే దారిని, టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే రిటర్న్ పైపును పరీక్షించమనండి. నిజానికి టర్బో విప్పకముందే జరగవలసిన పరీక్ష ఇది.

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా, సిలిండర్‌లోని వాయువులో కొంత వాటిని దాటి కింద ఆయిల్ ఛాంబర్‌లోకి చేరుతూనే ఉంటుంది. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. టర్బో ఉన్న ఇంజన్‌లో సిలిండర్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇదీ ఎక్కువగానే ఉంటుంది. పాతకాలపు ఇంజన్లలో ఈ వాయువును ఒక గొట్టం ద్వారా నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. 1960ల మొదట్లో కాలిఫోర్నియా నిబంధనలతో దానిని తిరిగి ఇంజన్ పీల్చుకునే గాలిలోకే పంపే పద్ధతి కార్లలో తప్పనిసరి కావడం మొదలైంది. నేటి డీజిల్ కార్లలో చాలావాటిలో ఆ వాయువు ముందు ఆయిల్ సెపరేటర్ గుండా వెళ్ళి అక్కడ ఆయిల్ తుంపరను వదిలించుకుని, పలుచని రబ్బరు పొరతో ఒత్తిడిని అదుపుచేసే వాల్వ్‌ను దాటి, ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్యనున్న పైపులో కలుస్తుంది. ఆయిల్ సకాలంలో మార్చకపోతే ఈ దారిలో జిగురు మడ్డి పేరుకుంటుంది.

దారి మూసుకుపోతే ఛాంబర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ దెబ్బ ముందుగా తగిలేది టర్బోకే. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో షాఫ్టుకు ఆయిల్‌ను పంపు ఒత్తిడితో అందిస్తుంది గాని, పనిచేసిన ఆయిల్‌ను వెనక్కి లాగే పంపంటూ ఏదీ లేదు. అది తన బరువుతో తానే రిటర్న్ పైపు గుండా ఛాంబర్‌లోకి దిగాలి. కింద ఒత్తిడి ఉంటే దిగలేదు. బేరింగుల దగ్గరే నిలిచిపోయి, ఒకవైపు గాలి పైపులోకి, మరోవైపు సైలెన్సర్ వైపుకి కారుతుంది. టర్బోలో సీళ్ళని మనం పిలిచేవి చాలావరకు రబ్బరువి కావు, సన్నని లోహపు రింగులు. నిలిచిన ఆయిల్‌ను ఆపే శక్తి వాటికి లేదు. అందుకే మీ కొత్త టర్బో కూడా పాతదానిలాగే పొగ పెడుతోంది. రెండు వారాలు ఆగిందంటే, కడిగిన ఇంటర్‌కూలర్ అడుగున ఆయిల్ మళ్ళీ చేరడానికి ఆ సమయం పట్టిందని, మూలకారణం అలాగే ఉన్నదని నేను అనుకుంటున్నాను.

టర్బో బిగించేటప్పుడు రిటర్న్ పైపు ఫ్లాంజికి (బోల్టులతో బిగించే అంచుకు) గాస్కెట్ బదులు సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే, బిగింపుకు అది లోపలికి పొంగి గట్టిపడి, దారిని సగానికి సగం మూసేస్తుంది. పైపు విప్పించి వెలుతురులో పెట్టి ఒకసారి లోపలికి చూడండి. మీ ఊళ్ళో సిమెంటు దుమ్ము, బండల దుమ్ము ఎక్కువ కాబట్టి ఎయిర్ ఫిల్టర్‌ను కూడా పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చాలి. అది మూసుకుపోతే టర్బో ముందు పీల్పు పెరిగి, బ్రీదర్ నుంచి ఆయిల్‌ను లాక్కుంటుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీతను దాటకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఒత్తిడిని కొలవడానికి ఖరీదైన పరికరమేమీ అవసరం లేదు. పారదర్శకమైన పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, సగం నీళ్ళు నింపి, ఒక చివరను డిప్‌స్టిక్ రంధ్రానికి గాలి పోకుండా బిగించి, ఇంజన్ వేడెక్కాక చూడాలి. రెండు వైపులా నీటిమట్టం దాదాపు సమంగా ఉంటే బ్రీదర్ బాగున్నట్టే. బయటివైపు నీరు పైకి ఎగబాకితే, బ్రీదర్ పైపును సెపరేటర్‌కు ముందే ఊడదీసి మళ్ళీ చూడండి: నీరు దిగిపోతే అడ్డు బ్రీదర్‌లోనే ఉంది. ఊడదీసిన పైపులోంచి వాయువు తన్నుకొస్తూ, నీరు దిగకుండా ఉంటే రింగులను అనుమానించాలి. అప్పుడు కూడా ఒక్కో సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపి, ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమనే శబ్దం వినిపిస్తేనే ఇంజన్ విప్పడానికి ఒప్పుకోండి.

ఈలోగా ఘాట్ ప్రయాణం మానుకోవడం మంచిది. ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్ ఒక్కసారిగా ఇంజన్‌లోకి వెళ్తే, డీజిల్ ఇంజన్ దానినే ఇంధనంగా కాల్చుకుని, తాళం తిప్పినా ఆగకుండా రొద పెడుతూ తిరిగిపోవచ్చు. అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపెయ్యాలి. బానెట్ ఎత్తి దాని మీదికి వంగవద్దు.

ప్రశ్న: నాది బీఎస్-6 టర్బో పెట్రోల్ కారు. బ్రీదర్ వాయువులోని ఆయిల్‌ను పట్టే డబ్బా, అదే ఆయిల్ క్యాచ్ క్యాన్, పెట్టిస్తే పొగ రాదని స్నేహితులు చెబుతున్నారు. పెట్టించవచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పొగ లేనప్పుడు దాని అవసరం లేదు, ఉన్నప్పుడు అది కారణాన్ని పోగొట్టదు. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకోవడం కొంత తగ్గించవచ్చు, అంతవరకే. పెట్టించినా వాయువును బయటికి వదిలే రకం వద్దు. డబ్బాను ఎప్పటికప్పుడు ఖాళీ చేయాలి. వారంటీ గురించి ముందే రాతపూర్వకంగా అడగండి.

మీ కారులో చూసుకోవలసినవి రెండు. ఐడిలింగ్‌లో బ్రీదర్ వాయువు, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి వెళ్తుంది. టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు ఒక వన్‌వే వాల్వ్ ఆ దారిని మూసి, వాయువు టర్బో ముందున్న పైపు దారి పడుతుంది. ఆ వాల్వ్ మూసుకోకపోతే టర్బో నెట్టిన గాలి తిరిగి ఛాంబర్‌లోకే వచ్చి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. రెండవది రబ్బరు పొర: ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీయబోతే బలంగా పట్టి లాగుతున్నా, ఇంజన్ దగ్గర సన్నని ఈల వినిపిస్తున్నా పొర చిరిగి ఉండవచ్చు. కొన్ని కార్లలో ఆ పొర విడిగా దొరకదు, వాల్వ్ కవర్ మొత్తం మార్చవలసి వస్తుంది. అయినా టర్బో ఖరీదుతో పోలిస్తే అది తక్కువే.