వంటింటి సందేహాలు: బీరుతో వండిన కూర చేదెక్కకుండా

ప్రశ్న: మేము బెల్జియంలోని లూవెన్‌లో ఉంటున్నాము. ఇక్కడివారు ముదురు రంగు బీరులో గొడ్డుమాంసాన్ని గంటల తరబడి ఉడికించి స్తోఫ్‌ఫ్లేస్ అనే కూర వండుతారు. మా ఇంట్లో గొడ్డుమాంసం తినరు కనుక నేను మేకమాంసంతో వండి, అందులో రెండు సీసాల క్రాఫ్ట్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) బీరు పోశాను. ముక్క మెత్తగా ఉడికింది గానీ పులుసు నోట పెట్టలేనంత చేదయింది. కారణమేమిటి? వచ్చే నెల మా అత్తగారు, ఎనిమిదేళ్ల మేనల్లుడు వస్తున్నారు. వండితే ఆల్కహాల్ పూర్తిగా పోతుందంటారు కదా, వారికి ఈ కూర వడ్డించవచ్చునా?
– ఒక పాఠకురాలు, లూవెన్

జవాబు: మీరు వండిన తీరు సరైనదే. చిక్కంతా ఎంచుకున్న బీరులో ఉంది. బీరుకు చేదునిచ్చేవి హాప్స్ అనే తీగకు వచ్చే పూగుత్తులు. ఐపీఏ రకంలో వాటిని ధారాళంగా వాడతారు. పొయ్యి మీద బీరు మరిగేటప్పుడు నీరు, ఆల్కహాల్, హాప్స్ పరిమళం ఆవిరైపోతాయి గానీ చేదునిచ్చే పదార్థాలు ఆవిరి కావు. అందువల్ల పులుసు చిక్కబడే కొద్దీ, తాగేటప్పుడు హాయిగా అనిపించిన చేదే నాలుకను పట్టేసేంతగా పెరుగుతుంది. చేదును కొలిచే ఐబీయూ లెక్కలో ఐపీఏలు సాధారణంగా 40 నుంచి 70 వరకు ఉంటే, డుబెల్ అనే బెల్జియం ముదురు రంగు బీరు 15 నుంచి 25 మధ్య ఉంటుంది. కూరకు బీరు కొనేటప్పుడు ముందుగా చూడవలసినది ఈ అంకెనే. సీసా మీద అది లేకపోతే, హాప్స్ గురించి గొప్పగా రాసుకున్న బీరును వంటకు తీసుకోకండి.

మీరున్న ఊరిలో ఈ కూరకు తగిన బీరు వెతుక్కోవలసిన పని లేదు. వెస్ట్‌మాల్ మఠంలో సన్యాసుల పర్యవేక్షణలో తయారయ్యే డుబెల్‌లో 7 శాతం ఆల్కహాల్ ఉంటుంది. దాని ముదురు చక్కెర రుచి వేయించిన ఉల్లిపాయతో చక్కగా కలుస్తుంది. రూసెలారె పట్టణంలో ఓక్ పీపాల్లో మాగబెట్టే రోడెన్‌బాక్ బీరు పుల్లగా ఉంటుంది కనుక, అది పోస్తే వెనిగర్ అవసరం ఉండదు. మేకమాంసానికి నేనైతే డుబెల్‌నే ఎంచుకుంటాను.

కిలో మాంసం భుజం భాగం నుంచి, కొంచెం ఎముకతో, పెద్ద ముక్కలుగా కొట్టించుకోండి. తడి తుడిచి, మందపాటి గిన్నెలో వెన్న వేసి, కొద్దికొద్దిగా ముక్కలను ఎర్రగా వేయించి పక్కన పెట్టండి. అదే గిన్నెలో నాలుగు పెద్ద ఉల్లిపాయలను సన్నని సెగ మీద అరగంటైనా మగ్గనివ్వండి. ఈ కూరకు తీపి, చిక్కదనం చాలావరకు ఇక్కడే వస్తాయి కాబట్టి తొందరపడవద్దు. తర్వాత మాంసం, 330 మి.లీ. సీసాలు రెండు, రెండు లారెల్ ఆకులు, థైమ్ అనే సువాసన ఆకు నాలుగు రెమ్మలు, ఉప్పు, మిరియాలు వేయండి. మన బిర్యానీ ఆకు దాల్చినచెక్క జాతిది, దాని వాసన వేరు, అది వద్దు. రెండు బ్రెడ్ ముక్కలకు మస్టర్డ్ దట్టంగా రాసి పైన పరిచితే అవి కరిగి పులుసును చిక్కబరుస్తాయి. దించే ముందు రుచి చూసి, ఒక చెంచా బెల్లం, ఒక చెంచా వెనిగర్ కలపండి. కారం కావాలంటే రెండు ఎండుమిరపకాయలు చాలు. గరం మసాలా వేస్తే డుబెల్ పోసి ప్రయోజనం ఉండదు.

ఆల్కహాల్ పూర్తిగా పోతుందన్న మాట నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, వంటకంలో కలిపి అరగంట ఉడికిస్తే 35 శాతం, గంటకు 25, రెండు గంటలకు 10, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. మీ రెండు సీసాల డుబెల్‌లో దాదాపు 46 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది, వెడల్పాటి గిన్నెలో, మూత ఓరగా పెట్టి రెండున్నర గంటలు ఉడికిస్తే రెండు మి.లీటర్లకు కాస్త పైన మిగులుతుంది. అదే కోడితో చేసి అరగంటలో దించితే 16 మి.లీ. ఉండిపోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి బయటికి పోయే దారి తక్కువ కాబట్టి ఈ కూరకు దానిని వాడవద్దు.

మిగిలేది కొద్దిగానే అయినా, పిల్లవాడికి, గర్భిణులకు, మద్యం మానేసినవారికి బీరు లేకుండా వేరుగా వండటమే మేలు. మాంసం ఉడికించిన నీరు, బెల్లం, వెనిగర్, మస్టర్డ్ బ్రెడ్‌తో ఇదే కూర బాగా కుదురుతుంది. ఆల్కహాల్ లేనిదని అమ్మే బీరులోనూ 0.5 శాతం వరకు ఉండవచ్చు. ఇక మీ అత్తగారికి, ఆమె తింటారో లేదో ఊహించుకోకుండా, అందులో ఏముందో వడ్డించక ముందే చెప్పండి. తినాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. తెలియకుండా తినిపించే హక్కు వండినవారికి లేదు.

ప్రశ్న: చేపలను బీరు పిండిలో ముంచి వేయిస్తే కరకరలాడుతాయంటారు. మూత తీసి మిగిలిపోయిన బీరు పనికివస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈ వంటకు పనికిరాదు. చల్లని బీరులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వేడి నూనె తగలగానే బుడగలై పిండిని పొంగిస్తుంది. ఆల్కహాల్ నీటికన్నా త్వరగా ఆవిరై పైపొరను తొందరగా ఆరబెడుతుంది. గ్యాస్ పోయిన బీరులో ఆ పొంగు ఉండదు. వంద గ్రాముల మైదా, పాతిక గ్రాముల బియ్యప్పిండి, ఉప్పు, కారం కలిపి సిద్ధంగా పెట్టుకుని, నూనె 180 డిగ్రీలకు చేరాక, అప్పుడే తెరిచిన చల్లని గోధుమ బీరు సుమారు 150 మి.లీ. పోసి నాలుగు తిప్పులు తిప్పి ఆపండి. ఉండలు కొన్ని మిగిలినా ఫర్వాలేదు, ఎక్కువ కలిపితే పిండి సాగుతుంది. ముల్లు తీసిన పండుగప్ప ముక్కలు దీనికి చాలా అనువైనవి. వేగేది నాలుగైదు నిమిషాలే కనుక, పై సమాధానంలో ఆల్కహాల్ గురించి చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది. మిగిలిన బీరు చేదు తక్కువ రకమైతే ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు మాంసం కూరలో పోసుకోండి. అక్కడ గ్యాస్‌తో పని లేదు.