ఐపీసే దగ్గరికి రావాలి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మీ హైదరాబాదు కాలేజీ మేడ మీద జనానికి టెలిస్కోపులో ఆకాశం చూపిస్తున్నారని, చక్రాల కుర్చీలో వచ్చేవారికి ఏం ఏర్పాట్లు చేయాలని అడిగావు. లిఫ్టు సంగతి, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండే ర్యాంపు సంగతి మీ ఇంజనీరే చెబుతాడు. అసలు తంటా టెలిస్కోపు దగ్గర మొదలవుతుంది.

మనిషిని కుర్చీలోంచి ఎత్తి చూపించే పని మాత్రం పెట్టుకోవద్దు. సాయం చేయాలన్న ఉత్సాహంలో కుర్రాళ్లు ముందు చేసేది అదే. ఐపీసే, అంటే కన్ను ఆనించి చూసే కటకమే, ఆ కంటి దగ్గరికి రావాలి. కూర్చున్న పెద్దవారి కన్ను నేల నుంచి దాదాపు 110–120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. న్యూటోనియన్ టెలిస్కోపులో ఐపీస్ గొట్టం పైకొసన ఉంటుంది. గొట్టం లేచేకొద్దీ అదీ పైకి పోతుంది. ష్మిట్-కాసెగ్రేన్ రకం నయం, ఐపీస్ వెనక కొసన ఉంటుంది, వెలుగును పక్కకు మళ్లించే డయాగొనల్ తిప్పితే పక్కకు వస్తుంది. డబ్బుంటే నాస్మిత్ ఫోకస్ ఉన్నది చూడండి. అందులో ఐపీస్ గొట్టం లేచి దిగే ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి గొట్టం ఎంత లేచినా దాని ఎత్తు మారదు.

ట్రైపాడ్ కాళ్లకు కుర్చీ పాదాల పలక తగిలి మనిషి జానెడు దూరంలో ఆగిపోతాడు. మెడ చాచలేనివారికి ఆ జానెడే ఆమడ. ఒంటి స్తంభం మీద బిగించండి, కుర్చీని పక్కవాటుగా రానివ్వండి. ముందురోజు నువ్వే ఒక కుర్చీలో కూర్చుని చూడు.

ఇక వేళ. మనది 17 డిగ్రీల అక్షాంశం, చంద్రుడూ గ్రహాలూ తరచుగా నడినెత్తికి దగ్గరగా వస్తాయి. శుద్ధ అష్టమి చంద్రుడు పొద్దుగూకే వేళకే బాగా పైన ఉంటాడు. అదే శుద్ధ చవితి, పంచమి నాడైతే పడమట అనువైన ఎత్తులో దొరుకుతాడు, గుంతల నీడలు పొడవుగా కనిపిస్తాయి. భాద్రపద చవితి మాత్రం వద్దు, నీలాపనిందల భయంతో ఒక్కరూ రారు!

కెమెరా పెట్టి తెర మీద చూపించడం మంచిదే, కంటిని ఐపీస్‌కు ఆనించలేనివారికి అదే దారి. అలాగని చక్రాల కుర్చీ కనబడగానే తెర వైపు పంపేయకండి. శని వలయాల ఫొటో వాళ్ల ఫోనులోనూ ఉంటుంది. ఫోకస్ మీట వాళ్ల చేతికే ఇవ్వండి, వెనక వరుస తొందరపెట్టకుండా ఒకరిని నిలబెట్టండి.

వైర్లు గోడవారగా లాగించు. అన్నట్టు, మరుగుదొడ్డి ఏ అంతస్తులో ఉంది? దాని తలుపు వెడల్పు కొలిచి నాకు రాయి.

మామయ్య