ప్రార్థన, వైద్యం: ఏజెన్సీ శిబిరానికి వెళ్లే ముందు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను కాకినాడలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా చర్చి యువజన సంఘం, కొందరు వైద్యులు కలిసి ముంచింగిపుట్టు మండలంలోని గిరిజన గ్రామాలలో మూడు రోజుల ఉచిత వైద్య శిబిరం పెడుతున్నారు. అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు డాక్టరు గారు కూడా వస్తున్నారు. వాలంటీరుగా నన్ను రమ్మన్నారు. రోగులను చూసే ముందు ప్రార్థన చేయించాలని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. అసలు మూడు రోజులలో మేము చేయగలిగినది ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పక వెళ్లండమ్మా. ప్రార్థన సంగతి ముందు చెబుతాను. ఉదయం బస చేసిన చోట మీ బృందమంతా కలిసి ప్రార్థన చేసుకొని బయలుదేరండి. మందుల కోసం వరుసలో నిలబడిన వారిని మాత్రం అందులో చేర్చవద్దు. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొని కొండ దిగి వచ్చిన తల్లి ఆ క్షణంలో మీరేమి చేయమన్నా చేస్తుంది కనుక, ఆమె తల వంచినంత మాత్రాన అది ఆమె ఇష్టమని అనుకోరాదు. రోగి తనంతట తాను అడిగితే పక్కన కూర్చొని ప్రార్థించండి. ఆశ్రమాల వారు భజనలతో నిర్వహించే శిబిరాలకూ నేను ఇదే చెబుతాను.

లూథరన్ మిషన్ పంపగా 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచి, 1930లో కన్నుమూసే వరకు ఈ నేల మీదే సేవ చేశారు. ఆమెను ఇక్కడికి తెచ్చినది విశ్వాసమే. జనం ఆమెను నమ్మడానికి కారణం ఆమె వెళ్లిపోకుండా ఉండడం. మూడు రోజులలో తిరిగి వచ్చే మీరు ఆ పని చేయలేరు కనుక, అక్కడే ఉండే ఆశా కార్యకర్తకూ, ఏఎన్‌ఎంకూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికీ తోడ్పడేలా మీ శిబిరం సాగాలి.

ఉదాహరణకు రక్తపోటు తీసుకోండి. ఒక్కసారి కొలిచి పది రోజుల మాత్రలు చేతిలో పెడితే, పదకొండో రోజున ఆ మనిషికి మిగిలేది ఖాళీ అట్ట మాత్రమే. రీడింగును చీటీ మీద రాసిచ్చి, పేరును ఏఎన్‌ఎం రిజిస్టరులో చేర్పించి, 104 వాహనం ఆ ఊరికి ఎప్పుడు వస్తుందో చెప్పి పంపితే అది చికిత్సకు మొదలవుతుంది. మలేరియా విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వైవాక్స్ రకానికి ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వాడాలి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో అదే మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం నల్లబడుతుంది. ఆ లోపం గిరిజనులలో తక్కువేమీ కాదు. కాబట్టి మాత్రలు పంచి వచ్చేయకుండా, వాడినన్నాళ్లూ కనిపెట్టుకొని ఉండే ఆరోగ్య కేంద్రానికి రోగిని అప్పగించండి. తరచూ కీళ్ల నొప్పులు, పచ్చకామెర్లు, రక్తహీనత ఉన్న పిల్లలను సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్షకు పంపించండి. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ పరీక్ష ఉచితం.

అమెరికా డాక్టరు గారికి మన దేశపు రిజిస్ట్రేషన్ లేకపోతే, ఎంత అనుభవం ఉన్నా, జాతీయ వైద్య కమిషన్ తాత్కాలిక అనుమతి లేకుండా చికిత్స చేయరాదు. మీరూ విద్యార్థినే కనుక ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు రిజిస్టరయిన నర్సు పక్కన ఉన్నప్పుడే చేయండి. నీరసానికి సెలైన్ పెట్టమని చాలామంది అడుగుతారు; అవసరం లేదని ఓపికగా చెప్పడం కూడా మీ సేవలో భాగమే. కంటి శుక్లాలను ఊరిలో గుర్తించి ఆసుపత్రికి తీసుకువెళ్లాలే తప్ప, బడి గదిలో ఆపరేషన్లు చేయకూడదు. వాడిన సూదులన్నీ పెట్టెలో వేసి మీతో తిరిగి తీసుకురండి.

అక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది కువి లేదా ఆదివాసీ ఒడియా. ఆడవారి ఇబ్బందులు భర్త ద్వారానో కొడుకు ద్వారానో అడిగితే సగమే బయటికి వస్తాయి. అందుకు ఆ ఊరి ఆశా కార్యకర్తను తోడు ఉంచుకోండి, ఆమె ఆ రోజు కూలి పోగొట్టుకోకుండా భత్యం ఇవ్వమని నిర్వాహకులతో ముందే మాట్లాడండి.