చలికాలమంతా బాబుకి జలుబే, రాత్రుళ్లు మా ఇద్దరికీ గొడవే.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి రెండేళ్ల మూడు నెలలు. బరువు 12 కిలోలు. చలికాలానికి కాస్త ముందు డే కేర్‌లో చేర్చాం. ఈ రెండున్నర నెలల్లో నాలుగుసార్లు జలుబు చేసింది, రెండుసార్లు జ్వరం వచ్చింది. ఒకటి తగ్గిందనుకునేలోపే ఇంకొకటి. రాత్రంతా దగ్గు, ముక్కు దిబ్బడ. మేమిద్దరం ఉద్యోగస్తులమే అయినా వాడు లేచిన ప్రతిసారీ నేనే లేస్తున్నాను. తల తడిపానని, స్వెటర్ వేయలేదని మావారు నన్నే అంటారు. మొన్న రాత్రి రెండింటికి ఆస్పత్రికి వెళ్దామని నేను, పొద్దున చూద్దాంలే అని ఆయన.. పెద్ద గొడవే అయింది. బాబుకి ఇమ్యూనిటీ తక్కువా? టానిక్ ఏమైనా వాడాలా? డే కేర్ మాన్పించాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగిన మూడింటికీ జవాబులు చిన్నవే. మీరు రాసినదాన్ని బట్టి ఇమ్యూనిటీ తక్కువని అనిపించడం లేదు. టానిక్ అక్కర్లేదు. జలుబుల కోసమే అయితే డే కేర్ మాన్పించనక్కర్లేదు. అడగకుండా రాసిన నాలుగోది ఉంది చూశారా, రాత్రి రెండింటి గొడవ, నాకు దాని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. ఎందుకంటే బాబు జలుబు దానంతటదే తగ్గుతుంది, అది తగ్గదు.

ముందు లెక్క చూద్దాం. ఈ వయసు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. డే కేర్‌కి వెళ్లేవాళ్లలో పది, పన్నెండు కూడా చూస్తుంటాం. వాటిలో ఎక్కువ భాగం చలి నెలల్లోనే వచ్చిపడతాయి. ఒక్కో జలుబు తగ్గడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. దగ్గు పూర్తిగా పోవడానికి మూడు వారాలైనా పట్టొచ్చు. ఇక రెండున్నర నెలల్లో నాలుగు జలుబులంటే మధ్యలో ముక్కు కారని రోజులు ఎన్ని మిగులుతాయి? 'వీడికి ఎప్పుడూ జలుబే డాక్టర్' అని తల్లులు అంటే నేను దాన్ని గోరంతలు కొండంతలు చేయడం అనుకోను, అది లెక్క ప్రకారం నిజమే. కాకపోతే ఒకే జబ్బు తగ్గకుండా ఉండిపోవడం కాదు, వేర్వేరు వైరస్‌లు ఒకదాని వెనక ఒకటి రావడం. జలుబుకి ఎక్కువగా కారణమయ్యే రైనోవైరస్‌లలోనే 150కి పైగా రకాలున్నాయి. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డనీ ఒకసారైనా పలకరించి వెళ్తుంది.

ఇక తల తడపడం, స్వెటర్ సంగతి. జలుబు తెచ్చేది వైరస్. స్నానం కాదు. చలికాలంలోనే ఎక్కువ ఎందుకంటే తలుపులు, కిటికీలు మూసుకుని అందరం ఒకేచోట ఉంటాం. చల్లటి పొడిగాలిలో వైరస్‌లు ఎక్కువసేపు నిలుస్తాయి. ఆ గాలికి ముక్కు లోపలి పొర పొడిబారి కాపలా తగ్గుతుంది. పైగా డే కేర్‌లో ఒకడు నోట్లో పెట్టుకుని పడేసిన బొమ్మ క్షణంలో ఇంకొకడి నోట్లో ఉంటుంది. స్వెటర్ వేయండి, వెచ్చగా ఉంటాడు. వైరస్‌ని మాత్రం అది ఆపలేదు. ఈ పేరా మీవారికి చదివి వినిపించండి. 'చూశారా, నేను చెప్పలేదూ' అని మాత్రం చివర్లో అనకండి.

ఇమ్యూనిటీ గురించి మేం ఎప్పుడు అనుమానిస్తామో కూడా చెప్తాను. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, మనవాళ్లు నెమ్ము అంటారే అది రావడం, నాలుగు లేక అంతకంటే ఎక్కువసార్లు చెవిలో ఇన్ఫెక్షన్, రెండు నెలలు యాంటీబయాటిక్స్ వాడినా గుణం లేకపోవడం, ఒంట్లో లోతుగా చీముగడ్డలు పదేపదే కట్టడం, వయసుకి తగ్గట్టు బరువు పెరగకపోవడం. ఇలాంటివి ఉంటే పరీక్షలు చేయించాలి. మీ బాబు బరువు బాగానే ఉంది. రెండు జలుబుల మధ్య ఆడుకుంటూ, తింటూ ఉంటే దిగులు పడకండి.

మందుల విషయంలో నేను కాస్త పిసినారిని. ఈ వయసుకి దగ్గు, జలుబు సిరప్‌ల వల్ల ఒరిగేదేమీ లేదు, మగత, గుండె దడ లాంటి ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. ఇంట్లో ఉన్నా సొంతంగా పోయకండి. ముక్కు దిబ్బడకి ఉప్పునీటి చుక్కలు, అదే సెలైన్ నాసల్ డ్రాప్స్, తినే ముందు, పడుకునే ముందు వేయండి. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు అర చెంచా తేనె రాత్రి దగ్గుకి బాగా పనిచేస్తుంది. ఏడాదిలోపు పిల్లలకి మాత్రం తేనె నాకించకూడదు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. చీమిడి పచ్చగా మారగానే యాంటీబయాటిక్ అడిగేవాళ్లు చాలామంది. రంగు మారడం జలుబు నడకలో భాగమే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఆస్పత్రిలో నర్సుల డ్యూటీ మారేటప్పుడు మీరెప్పుడైనా గమనించారా? రాత్రి డ్యూటీ దిగే సిస్టర్, వచ్చే సిస్టర్‌కి మంచం పక్కనే నిలబడి చెప్తుంది: జ్వరం ఎంత ఉంది, మందు ఎన్నింటికి ఇచ్చాం, ఎంత ఇచ్చాం, ఎన్ని పాలు తాగాడు, చివరిసారి పాస్ ఎప్పుడు పోశాడు. ఒక నిమిషం పని. ఆ తర్వాత డ్యూటీ దిగిన సిస్టర్ నిజంగా దిగినట్టే, ఇంటికెళ్లి నిద్రపోతుంది. మన ఇళ్లలో లేనిది ఇదే. తల్లి ఎప్పటికీ డ్యూటీ దిగదు. తండ్రి సాయం చేసినా 'ఏ సిరప్? ఎంత?' అని నిద్రపోతున్న ఆమెనే లేపి అడుగుతాడు. చేతిపని సగం పంచుకున్నా, గుర్తుపెట్టుకునే పని మొత్తం ఒకరి తలలోనే ఉండిపోతుంది. అలసట ఎక్కువగా అక్కడే.

నేను నీతులు చెప్పేంతవాణ్ణి కాదు. మా పెద్దవాడికి ఏడాదిన్నరప్పుడు ఒక రాత్రి వాళ్లమ్మ పదకొండింటికి పారాసిటమాల్ పోసి పడుకుంది. ఒంటిగంట కాకముందే వాడు ఏడుస్తూ లేస్తే, ఒళ్లు కాలుతోందని నేనూ పోశాను. పొద్దున సీసాలో మందు తగ్గడం చూస్తే గానీ ఇద్దరికీ తెలియలేదు. మొత్తం కలిపి ఆ రోజు పరిమితి దాటలేదు కాబట్టి ఏమీ కాలేదు. పిల్లల డాక్టర్ ఇంట్లో జరిగిన ముచ్చట ఇది! ఆ రోజే ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించాం. టైమ్, మందు, ఎన్ని ఎంఎల్, టెంపరేచర్, పాస్. ఐదే గడులు. దారానికి ఒక పెన్ను కట్టాం, ఎందుకంటే రాత్రిపూట పెన్ను దొరకదు.

మీరూ అలాగే చేయండి. రాత్రిని రెండు ముక్కలు చేయండి, పది నుంచి రెండున్నర దాకా ఒకరు, అక్కడి నుంచి ఏడింటి దాకా ఇంకొకరు. డ్యూటీ లేనివాళ్లు వీలైతే వేరే గదిలో పడుకోవాలి. పక్కనే పడుకుంటే ప్రతి దగ్గుకీ మెలకువ వస్తుంది. నిద్ర ముక్కలు ముక్కలైతే ఎంతసేపు పడుకున్నా అలసట తీరదు, ఏకధాటిగా నాలుగున్నర గంటలు దొరికితే మనిషి కాస్త నిలబడతాడు. మొదట్లో బాబు అమ్మే కావాలని గోల చేస్తాడు. నాలుగైదు రాత్రులు ఓపిక పట్టాలి. మధ్యలో మీరు వెళ్లి ఎత్తేసుకుంటే మొదటికొస్తుంది. ఆయన డైపర్ మీకంటే వంకరగా వేస్తారు, వేయనివ్వండి. సెలవుల సంగతి కూడా జ్వరం వచ్చిన పొద్దున కాకుండా ముందే మాట్లాడుకోండి, ఈసారి నీది, వచ్చేసారి నాది అని. ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లకి ఇది కుదరదు. వాళ్లు ఒక్క రాత్రైనా తోడుండే మనిషిని ముందే అడిగి పెట్టుకోవాలి.

కాగితంతో పాటు సీసాలు కూడా చూసుకోండి. పారాసిటమాల్ సిరప్ ఒకే రకంగా ఉండదు. 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములు ఉండేది ఉంది, 250 ఉండేది ఉంది. చుక్కల మందులో ఒక్క ఎంఎల్‌లోనే 100 ఉంటుంది. కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన 12 కిలోల మీ బాబుకి ఒక డోసు 180 మిల్లీగ్రాములు దాటకూడదు. 120 సీసాతో అది 7.5 ఎంఎల్. సీసా మారింది గమనించక 250 దానితో అదే 7.5 ఎంఎల్ పోస్తే రెండింతలు పైనే వెళ్తుంది. అందుకే మీ డాక్టర్ రాసిన డోసుని మార్కర్‌తో సీసా మీదే రాసేయండి. వంటింటి చెంచాతో కాకుండా సిరంజితో కొలవండి. డోసుకి డోసుకి మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకి నాలుగు డోసులు, అంతకు మించొద్దు. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు.

రాత్రి రెండింటికి ఆస్పత్రికా, వద్దా? ఇది గొంతు పెంచి తేల్చుకునేది కాదు. లెక్కపెట్టి తేల్చుకోవచ్చు. బాబు ఏడవకుండా ఉన్నప్పుడు, నిద్రలో అయితే ఇంకా మంచిది, చొక్కా పైకి ఎత్తి పొట్ట చూడండి. ఫోన్‌లో టైమర్ పెట్టి పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లల్లో నిమిషానికి 40 లేక అంతకంటే ఎక్కువ ఉంటే వేగంగా ఉన్నట్టు. జ్వరంలో ఊపిరి కాస్త వేగంగానే ఉంటుంది కాబట్టి, బాబు మరీ నలతగా లేకపోతే జ్వరం దిగాక మళ్లీ లెక్కపెట్టండి. ఒకరు లెక్కపెట్టాక రెండోవాళ్లు కూడా చూడండి. అప్పటికీ 40 లేక అంతకంటే ఎక్కువ ఉంటే ఇద్దరిలో ఎవరూ వాదించనక్కర్లేదు, బయల్దేరడమే.

లెక్కతో పనిలేకుండా పరిగెత్తాల్సినవి వేరే ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోవడం, ముక్కుపుటాలు అదరడం, మూలుగు, పెదాలు నీలంగా మారడం, లేపినా సరిగ్గా లేవకపోవడం, ఎనిమిది గంటలుగా పాస్ పోయకపోవడం, కుక్క మొరిగినట్టు దగ్గుతూ కదలకుండా ఉన్నప్పుడు కూడా ఊపిరి తీస్తుంటే కూతలాంటి శబ్దం రావడం. ఇవేవీ లేకుండా, జ్వరం దిగినప్పుడు వాడు లేచి ఆడుకుంటుంటే, మీవారు అన్నట్టు పొద్దున దాకా ఆగొచ్చు. జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గిన జలుబులో మళ్లీ కొత్తగా జ్వరం వచ్చి రాత్రి చెవి పట్టుకుని ఏడ్చినా పగలు చూపించండి. రెండోది తరచూ చెవిలో ఇన్ఫెక్షన్. మూడు నెలలలోపు పసిపిల్లలకైతే ఇలా ఆగి చూడటం ఉండదు. జ్వరం 100.4 డిగ్రీలు లేక అంతకంటే ఎక్కువ ఉంటే వెంటనే తీసుకెళ్లాలి.

జ్వరంలో ఫిట్స్ వస్తే ఇద్దరికీ తెలిసి ఉండాల్సిన మాట ఒకటి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టకండి, టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్. ఆగిపోయినా మొదటిసారి అయితే అప్పుడే ఆస్పత్రిలో చూపించండి.

మీ గురించి కూడా. బాబు హాయిగా నిద్రపోతున్న రాత్రి కూడా మీకు నిద్ర పట్టకపోయినా, రెండు వారాలకు పైగా ఏ పనీ చేయబుద్ధి కాక ఊరికే ఏడుపు వస్తున్నా, అది మామూలు టెన్షన్ అని సరిపెట్టుకోకండి. మీరే డాక్టర్‌కి చూపించుకోండి. ఈ మాట మీవారికీ వర్తిస్తుంది, మగవాళ్లలో ఇది చాలాసార్లు చిరాకు రూపంలో బయటపడుతుంది.

డే కేర్ నుంచి రాగానే వాడి చేతులు, మీ చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగండి. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు, బాల్కనీలో తాగి వచ్చినా సరే. ఫ్లూ టీకా ఆరు నెలలు దాటిన పిల్లలకి వేయొచ్చు. మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ఇప్పటిదాకా వేయించకపోతే మీ డాక్టర్‌ని అడగండి, మీరిద్దరూ వేయించుకోండి. ఆ వెళ్లేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లండి. ఇంట్లో ఉన్న సిరప్ సీసాలన్నీ, సగం వాడి మూత పెట్టినవి కూడా, ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. సగానికి పైగా అక్కడే పారేయమంటారని నా అంచనా.