కమిట్ అయింది, లాగ్‌లో లేదు

ప్రశ్న: కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో చూద్దామని ఒక ట్యుటోరియల్ పక్కన పెట్టుకుని ‘రైట్-ట్రీ’, ఆ తర్వాత ‘కమిట్-ట్రీ’ కమాండ్లు కొట్టాను. కొత్త కమిట్ (దాచిన ఒక మార్పు) గుర్తుగా 40 అక్షరాల హ్యాష్ వచ్చింది. ‘గిట్ లాగ్’లో మాత్రం ఆ కమిట్ లేదు. పోయినట్టేనా? ‘క్యాట్-ఫైల్’తో తెరిచి చూస్తే ఆథర్‌గా నా పేరు బదులు ట్యుటోరియల్ రాసినాయన పేరుంది. ఎందుకలా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: పోలేదు. మొదటి ప్రశ్న నాకు చాలామంది నుంచి వస్తోంది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. కమిట్-ట్రీ కమిట్ ఆబ్జెక్టును రాసి, హ్యాష్ చూపించి ఊరుకుంటుంది. బ్రాంచిని, అంటే చరిత్రలో చివరి కమిట్ ఏదో చూపించే పేరును, ముట్టుకోదు. మామూలు ‘గిట్ కమిట్’ బ్రాంచిని జరిపే పని కూడా చేసిపెడుతుంది కాబట్టి మనకు తేడా తెలియదు. ‘అప్‌డేట్-రెఫ్’తో బ్రాంచిని ఆ హ్యాష్ మీదికి జరపండి, లాగ్‌లో కనిపిస్తుంది. అయితే పేరెంట్ (దీనికి ముందరి కమిట్) ఇచ్చారో లేదో ముందు చూసుకోండి. ఇవ్వకపోతే బ్రాంచి పాత చరిత్రంతా వదిలేసి ఈ ఒక్క కమిట్‌తో మొదలవుతుంది. పోలేదు కదా అని ఆ కమిట్‌ను అలాగే వదిలేయకండి. ఏ బ్రాంచికీ అందని ఆబ్జెక్టులను రెండు వారాలు దాటాక గిట్ ఊడ్చేస్తుంది.

నాకు భయం వేసింది మీ రెండో మాట చదివాకే. ఆథర్ పేరు, ఈమెయిల్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (టెర్మినల్ గుర్తుంచుకునే సెట్టింగుల్లో) పెట్టే వరుసలు ఆ ట్యుటోరియల్‌లో ఉండి ఉంటాయి. మీరు చదవకుండా పేస్ట్ చేశారు. గిట్ మారుమాట లేకుండా రాసేసుకుంది. మీరు తెరిచిన ఆ కమిట్‌నే ఇంకోసారి చూడండి: ట్రీ (అప్పటి ఫైళ్ల జాబితా), పేరెంట్, ఆథర్ (మార్పు రాసినవాళ్లు), కమిటర్ (దాన్ని కమిట్ చేసినవాళ్లు), ఒక ఖాళీ వరుస, మెసేజ్. అంతా మామూలు టెక్స్ట్. పేరైనా తేదీ అయినా ఏది టైపు చేస్తే అదే.

దీంతో ఎంత దూరం వెళ్లొచ్చో 2021 మార్చి 28న, వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష వాళ్లకు తెలిసొచ్చింది. వాళ్ల సొంత గిట్ సర్వర్‌లోకి రెండు దొంగ కమిట్లు వచ్చాయి. ఒకదానిమీద ఆ భాషను సృష్టించిన రాస్మస్ లెర్డార్ఫ్ పేరు, ఇంకోదానిమీద దాని ముఖ్య డెవలపర్లలో ఒకరైన నికితా పపోవ్ పేరు. మెసేజ్ చూస్తే అక్షరదోషం సరిచేసినట్టు! లోపల మాత్రం, ‘యూజర్ ఏజెంట్’ చివర ఇంకో ‘టీ’ తగిలించిన హెడర్ (వెబ్ అభ్యర్థనతో వెళ్లే సమాచార వరుస)తో ఎవరైనా పంపిన కోడ్‌ను సర్వర్ మీద నడిపించే దొడ్డిదారి. కోడ్‌ను కళ్లతో చదివేవాళ్లు ఉండబట్టి గంటల్లోనే దొరికింది, విడుదల దాకా వెళ్లలేదు.

కమిట్-ట్రీతో ఇంకో చిక్కుంది. పాస్‌వర్డులు, కీలు పొరపాటున ఎక్కకుండా మీరు ప్రీ-కమిట్ హుక్ (కమిట్‌కు ముందు దానంతటదే నడిచే తనిఖీ స్క్రిప్టు) పెట్టుకున్నా, ఈ కమాండ్ దాన్ని నడపదు. ప్రతి కమిట్‌నూ సైన్ చేయమని (డిజిటల్ సంతకం పెట్టమని) కాన్ఫిగ్‌లో రాసుకున్నా వినదు, ప్రతిసారీ పెద్ద ‘ఎస్’ ఆప్షన్ ఇవ్వాల్సిందే. కాబట్టి కాపలా మీ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంటే చాలదు. సైన్ లేని కమిట్‌ను మెయిన్ బ్రాంచికి రానివ్వని నియమం సర్వర్ మీద ఉండాలి.

నా కోపం కోడ్ హోస్టింగ్ సైట్ల మీద కూడా. ఈమెయిల్ సరిపోతే చాలు, ఆ మనిషి ఫొటో తెచ్చి కమిట్ పక్కన అతికిస్తారు. ఫొటో చూడగానే ‘మన టీమ్ లీడ్ గారే కదా’ అని రివ్యూ చేసేవాళ్లు అప్రూవ్ కొట్టేస్తారు. సైన్ లేని కమిట్‌కు ఫొటో ఎందుకు పెట్టాలి? వట్టి పేరు చూపించి, పక్కనే ‘ధ్రువీకరించలేదు’ అని ఎర్రటి అక్షరాల్లో రాయొచ్చుగా! ఏళ్ల తరబడి అడుగుతున్నా ఇంతే.

మీ సంగతికొస్తే, ఆ టెర్మినల్ మూసేసి కొత్తది తెరవండి. ట్యుటోరియల్ వరుసలను షెల్ ప్రొఫైల్ ఫైల్లో కూడా పేస్ట్ చేసి ఉంటే అక్కడా తీసేయండి. అదే ట్రీతో, అదే పేరెంట్‌తో కమిట్-ట్రీ మళ్లీ కొట్టండి. ఆథర్, కమిటర్ వరుసలు రెండూ మీ పేరుతో ఉన్నాయని క్యాట్-ఫైల్‌లో చూశాకే బ్రాంచిని జరపండి.